నాలుగు మూలల పసుపు

మా అమ్మాయికి మొదటి జీతం వచ్చిన వారంలో ఇంటికి ఒక పొడవాటి పార్సిల్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు భుజాల మీద మోసుకొచ్చి హాల్లో దింపి, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోయారు. ప్లాస్టిక్ కవరు చించితే లోపల కార్పెట్. మధ్యంతా ఎరుపు, అంచు మీగడ రంగు, రెండు చివర్లా కుచ్చులు. ఒక మూల కుట్టిన చిన్న గుడ్డముక్క మీద చేత్తో నేసినదని బంగారు రంగులో ఇంగ్లిష్ అక్షరాలు. "నాన్నా, ఇది నీకే. మస్కట్‌లో కార్పెట్ల షాపులో పనిచేశానని లక్షసార్లు చెప్పావు కదా. మనింట్లో ఒక్కటీ లేదేంటని ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అంది. "బాగుందమ్మా" అన్నాను. నిజంగానే బాగుంది. ముందువైపు బాగానే ఉంది.

నాకొక చెడ్డ అలవాటుంది. ఎవరింటికి వెళ్లినా కార్పెట్ కనబడితే వంగి ఓ మూల ఎత్తి వెనకవైపు చూస్తాను. చూసి ఊరుకుంటే బాధలేదు, ఏదో ఒకటి అంటాను. ఒకసారి దగ్గరి బంధువుల గృహప్రవేశంలో, పదిమంది కాఫీలు తాగుతుండగా, మూల ఎత్తి "మిషన్‌ది" అన్నాను. ఆ ఇంటాయన అది కాశ్మీర్ నుంచి తెప్పించిందని అప్పటికి అరగంటగా చెబుతున్నాడట. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నన్ను కుర్చీలోంచి లేవనివ్వరు. అందుకే పార్సిల్ విప్పగానే మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అర్థమై రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్లి, చిన్న గిన్నెలో పసుపు తడిపి తెచ్చి, కార్పెట్ నాలుగు మూలలా ఒక్కో చుక్క పెట్టింది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా వాడటం మా ఇంట్లో లేదు. చేతిరుమాలుకైనా సరే. మా అమ్మాయి కెవ్వుమంది. "అమ్మా! ఏం చేస్తున్నావ్? అది మరక పడుతుంది!" నేను సోఫాలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఎంతసేపటికీ ఆగలేదు. వాళ్లిద్దరూ పోట్లాట మానేసి నన్ను చూశారు. వాళ్లకు చెప్పాలంటే ఓబుళమ్మ గురించి చెప్పాలి. ఓబుళమ్మ గురించి చెప్పాలంటే మస్తాన్ బాబాయ్ గురించి చెప్పాలి.

మస్కట్ వెళ్లేనాటికి నాకు ముప్పై నిండలేదు. పెళ్లయింది, అమ్మాయి నడక నేర్చింది. జగిత్యాల దగ్గర మా మండలం వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా ఒక దినపత్రికకు పనిచేసేవాణ్ని. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులు ఇచ్చేవారు. ఎంత పెద్ద సంగతైనా డెస్కులో కత్తిరించి నాలుగు సెంటీమీటర్లు చేసేవారు. నాలుగు సెంటీమీటర్లతో ఇల్లు నడవదని తేలాక ఏజెంటును పట్టుకున్నాను. ఆఫీసు పని అన్నాడు. దిగాక చూస్తే రువీ నుంచి హమ్రియా వైపు పోయే సందులో ఒక తివాచీల దుకాణం. మెడలో టై, చేతిలో నీళ్లబకెట్. పొద్దున సేల్స్‌మన్, మధ్యాహ్నం నుంచి వెనక గదిలో తివాచీలు కడిగే పని. తడిసిన ఉన్నికి ఒక వాసన ఉంటుంది. వానలో తడిసిన మేకలమంద మీ పక్కనే కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. ఎన్ని సబ్బులు రుద్దినా పోయేది కాదు. హమ్రియాలో మా రూమ్‌లో ఆరుగురం, అందరం మావైపు వాళ్లమే. వాళ్లు తెల్లవారకముందే రుసైల్ ఫ్యాక్టరీలకు, సైట్లకు బస్సులెక్కి పోయేవారు. సాయంత్రం నేను లోపలికి రాగానే నిర్మల్ నుంచి వచ్చిన రాజన్న ముక్కు మూసుకుని, "మందొచ్చిందిరా, తలుపు తెరువుండ్రి" అనేవాడు.

దుకాణం యజమాని ఒమానీ. అర్బాబ్ అనేవాళ్లం. వారానికి రెండుసార్లు వచ్చి, కాఫీ తాగి, అన్నీ సర్దుగా ఉన్నాయా అని అడిగి వెళ్లిపోయేవాడు. దుకాణాన్ని నడిపేది మస్తాన్ గారు. ఏలూరు ఆయనది. తాతముత్తాతలు అక్కడ తివాచీలు నేసినవాళ్లు. ఈయన పదేళ్లప్పుడే మగ్గం ముందు కూర్చున్నాడట. చిరిగిన తివాచీ తెస్తే ఏ ముడి ఎక్కడ తెగిందో వేలితో తడిమి చెప్పేవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ని. ఆయన నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, "పేపరోడా" అనేవాడు. చొక్కా కాలరుకు ఎప్పుడూ ఒక పెద్ద సూది గుచ్చి ఉండేది. టీ సాసర్లో పోసుకుని తాగేవాడు. అంత ఖరీదైన తివాచీల మధ్య బతుకుతూ తను మాత్రం ప్లాస్టిక్ చాప మీద పడుకునేవాడు. ఎందుకంటే, "నేసినోడు దాని మీద పడుకోడు రా, నిద్ర పట్టదు. ముడులు లెక్కపెడుతూ ఉంటాం" అనేవాడు.

మొదటి రోజు నా ముందు రెండు తివాచీలు పరిచి, "ఏది అసలుదో చెప్పు" అన్నాడు. ఒకటి ధగధగలాడుతోంది. రెండోది కాస్త మసకగా, ఒక పక్క కొంచెం వంకరగా ఉంది. ధగధగలాడేదే చూపించాను. పెద్దగా నవ్వాడు. "పేపరోడివి కదా, హెడ్డింగు చూసి మోసపోయావ్. వెనక్కి తిప్పు." తిప్పాను. మెరిసేదాని వెనక జిగురు పూసి గోనెగుడ్డలాంటిది అతికించారు. మసకదాని వెనక పువ్వూ ఆకూ ముందువైపు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ముడి ముడీ కళ్లకు కనబడుతూ. "చూశావా? చేత్తో వేసిన ముడి వెనకవైపు దాక్కోదు. ముందు అందరూ బాగానే ఉంటారు రా అబ్బాయ్, తివాచీలైనా మనుషులైనా. ఇక కుచ్చులు చూడు. అసలుదానికి పడుగు దారాలే బయటికొచ్చి కుచ్చులవుతాయి. నెత్తి మీంచి మొలిచిన జుట్టన్నమాట. మిషన్‌దానికి సవరం కుడతారు. లాగితే ఊడొస్తుంది." ఎరుపు రంగు ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా ఉంటే అది లోపం కాదట. ఒక కుండలో రంగు అయిపోయి ఇంకో కుండ కలిపారన్నమాట. తెల్ల గుడ్డ తడిపి రుద్దితే రంగు అంటకూడదు. పోగు ఒకటి పీకి కాలిస్తే వెంట్రుక కాలిన కంపు కొట్టాలి, ప్లాస్టిక్ కంపు కొట్టకూడదు. సంరక్షణ గురించైతే ఆయన పాఠం ఒక్కటే. "తివాచీని ముసలత్తగారిని చూసుకున్నట్టు చూసుకోవాలి. ఎండ తగలకూడదు, చెమ్మ తగలకూడదు, తీగ మీద వేసి బాదకూడదు, మడతపెట్టకూడదు. సబ్బుపొడి అసలు చూపించకూడదు. ఆరు నెలలకోసారి తల అటూ కాళ్లు ఇటూ మార్చి పడుకోబెట్టాలి. పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు పెట్టాలి. అన్నీ చేశాక కూడా ఆవిడ మీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది."

ఈ పాఠం దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. చాలామంది వినేవారు కాదు. విన్నది ఒక్క మామా. అక్కడ ఇళ్లలో పనిచేసే మనవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు. వాళ్లను చూసి మేమూ అలాగే అనేవాళ్లం. ఆవిడ పెద్ద కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల కొత్త కాపురానికి ఒక మంచి తివాచీ ఇవ్వాలని నెలల తరబడి మా దుకాణానికి తిరిగింది. వచ్చిందంటే వరసగా పది తివాచీలు వెనక్కి తిప్పేది. వేలితో ముడులు తడిమేది. కుచ్చులు లాగేది. మస్తాన్ బాబాయ్ మురిసిపోయేవాడు. "నా శిష్యురాలు రా" అనేవాడు. చివరికి ఇరాన్ నుంచి వచ్చిన ఒక తివాచీ నచ్చింది. ఎర్రటి నేల, మీగడ రంగు అంచు. అయినా ఒక అనుమానం. "రంగు నిలుస్తుందా?" అంది. "నా తల మీద ఒట్టు" అన్నాడు బాబాయ్. "నీ తల నేనేం చేసుకోను? అంగడివాడి ఒట్టు మీద తివాచీ కొనను" అంది. అప్పుడు వ్యాపారంలో ఉండే పద్ధతి ప్రకారం, వారం రోజులు ఇంట్లో పరుచుకుని చూడండి, నచ్చితే ఉంచుకోండి, లేకపోతే పంపేయండి అని నేనూ బాబాయ్ తీసుకెళ్లి వాళ్ల మజ్లిస్‌లో, అంటే చుట్టాలు కూర్చునే పెద్ద హాల్లో, పరిచి వచ్చాం.

ఆవిడ వెనక సంచీ పట్టుకుని ఎప్పుడూ వచ్చేది ఓబుళమ్మ. కడప జిల్లా మనిషి. నలభై దాటిన ఆవిడ, నాలుగేళ్లుగా ఆ ఇంట్లో పని. మామా తివాచీలు తిప్పుతుంటే ఈవిడ నా పక్కకు వచ్చి తెలుగు మాట్లాడి పోయేది. రోజంతా అరబీలో మాట్లాడీ మాట్లాడీ దవడలు నొప్పి పుడతాయనేది. ఆవిడ మాటలన్నీ ఊళ్లో కడుతున్న ఇంటి చుట్టూ తిరిగేవి. "గోడలు లేసినాయి నాయనా. స్లాబు పడలా. ఆకాశం కనపడతాండాది ఇంట్లోంచి. ఇంకో రెండేండ్లు మామా కాగితాలు చేయిస్తే స్లాబు పడతాది. వచ్చే నెల నా గడువు అయిపోతాది. అడగాలంటే భయం. ఏమంటాదో." ఆ వీసా కాగితాల మీద మామా సంతకం పెడితే ఓబుళమ్మ ఉంటుంది. పెట్టకపోతే విమానం ఎక్కాలి.

తివాచీ పరిచివచ్చిన మర్నాడు మామా కుటుంబమంతా ఇబ్రిలో చుట్టాలింటికి బయల్దేరింది, నాలుగు రోజులకు. ఇంట్లో ఓబుళమ్మ ఒక్కతే. ఆ పొద్దున దుకాణం ఫోన్ ఒకసారి మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. మిస్డ్ కాల్‌లో కూడా ఏడుపు వినబడుతుందని ఆ రోజే తెలిసింది. తిరిగి చేశాను.

"నాయనా, కొంప మునిగింది. మస్తానన్న ఉన్నాడా?"

"ఉన్నడక్కా. ఏమైంది?"

"ఏం కాలా. పసుపు పెట్టినా."

"యాడ?"

"మీ తివాచీకి. నాలుగు మూలలా. పెండ్లికూతురు కాపురానికి పొయ్యే కొత్త బట్ట గదా, బోడిగా పోతాదని..."

నిజానికి ఆవిడ తప్పేమీ లేదు. నేనైనా పెట్టేవాణ్నే. మా అమ్మ నా పాస్‌పోర్టు కవరుకు కూడా పసుపు పెట్టి పంపింది. ఓబుళమ్మ చేసిన అసలు తప్పు ఆ తర్వాతది. పసుపు ఆరాక మీగడ రంగు అంచు మీద నాలుగు చుక్కలూ దీపాల్లా కనబడ్డాయట. అప్పుడు భయం వేసింది. భయం వేస్తే మనవాళ్లు చేసే మొదటి పని సబ్బుపొడి తీయడం. బ్రష్షు పెట్టి గట్టిగా రుద్దింది. "రుద్దితే ఎర్రగా అయింది నాయనా! పసుపు పెడితే కుంకుమ అయింది! ఏ దేవుడు చేస్తాండాడో తెలియదు!"

ఫోన్ స్పీకర్లో విన్న మస్తాన్ బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో రంగు లేదు. "సబ్బు రుద్దిందా? బ్రష్షుతోనా?" అని రెండుసార్లు అడిగాడు. పసుపు సంగతి అసలు పట్టించుకోలేదు. వ్యాను తీసుకుని వెళ్లి, తివాచీ చుట్టి తెచ్చి వెనక గదిలో పరిచాం. ఓబుళమ్మ కూడా వెంట వచ్చింది. నాలుగు మూలలా నాలుగు ఎర్రటి బొట్లు. తివాచీ పేరంటానికి సిద్ధమైనట్టుంది. 

"దేవుడూ లేదు ఏమీ లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవదూ? సబ్బు కూడా సున్నంలాంటిదే. మీ ఆడోళ్లకి నేను చెప్పాలా ఇది?" అన్నాడు బాబాయ్ విసుగ్గా.

"కాళ్లకు పెట్టుకునేటప్పుడు తెలుసు సామీ. కార్పెట్‌కు యాడ తెలుసు!"

బాబాయ్ నాలుగు నిమ్మకాయలు పిండి, నీళ్లు కలిపి, గుడ్డతో అద్దాడు. బొట్లు మళ్లీ పసుప్పచ్చగా మారాయి. ఓబుళమ్మ చేతులు జోడించింది. అక్కడితో ఆగిపోయాయి. ఎన్ని నిమ్మకాయలు పిండినా పచ్చదనం కదల్లేదు. అసలైన ఉన్ని అంతే, పట్టుకుంటే వదలదు. సాయంత్రం దాకా అద్దుతూనే ఉన్నాం. చివరికి బాబాయ్ గోడకు ఆనుకుని కూర్చుని, నిమ్మతొక్కలన్నీ ఒక పక్కకు ఏరిపెట్టాడు. తర్వాత, "పసుపు పోయేదానికి ఒకటే మందు. ఎండ" అన్నాడు.

"బాబాయ్! ఎండ తగల్నీయొద్దని నువ్వే గదా..."

"అవును రా, నేనే. ఎండకి పసుపు పోద్ది. రంగు మంచిదైతే నిలబడుద్ది. మంచిది కాకపోతే మూలలు నాలుగూ వెలిసిపోయి, అప్పుడు ఓబుళమ్మతో పాటు నేనూ విమానం ఎక్కుతా. మామా ముందు తల మీద ఒట్టు వేసింది నేనే కదా."

"నీకు నమ్మకం లేదా బాబాయ్?"

"ముడి గురించి ఎవడితోనైనా కొట్లాడతా. రంగు కలిపిన కుండ దగ్గర నేను లేను కదరా!"

అలా నా జీవితంలో మొదటిసారి, చివరిసారి ఒక తివాచీని దుకాణం ఉన్న భవనం మిద్దె ఎక్కించాను. మే నెల. మస్కట్ మే నెల గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. మూలలు మాత్రమే ఎండకు ఉండాలి, మిగతాదంతా కప్పి ఉంచాలి. దినపత్రికలు పరుద్దామన్నాను. "సిరా అంటుద్ది, నీ వార్తలన్నీ దాని మీద అచ్చవుతాయి" అని బాబాయ్ తిట్టాడు. చివరికి ఆ రాత్రే మా రూమ్‌కు పరుగెత్తాను. గల్ఫ్‌లో మనవాళ్ల రూమ్‌ల్లో ప్రతి మంచం కింద ఒక వస్తువు తప్పకుండా ఉండేది. ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోదామని ముందే కొనిపెట్టుకున్న పులిబొమ్మ దుప్పటి. రాజన్నది, ఇంకో ఇద్దరివీ అడిగి తెచ్చాను. తివాచీ మీద మూడు పులులు పడుకున్నాయి. నాలుగు మూలలూ దుప్పట్ల కిందినుంచి బయటికి చాచిన కాళ్లలా ఉన్నాయి. నీళ్లట్యాంకు నీడలో కూర్చుని నేను కాపలా. కాకులు వాలకుండా, పక్క మిద్దె వాళ్ల తడిబట్టలు ఎగిరి మీద పడకుండా చూడాలి. గంటకోసారి బాబాయ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, వంగి చూసి దిగిపోయేవాడు. అప్పటికి అరవై ఏళ్లాయనకు. రోజుకు పదిసార్లు మూడంతస్తులు.

ఓబుళమ్మ ఫోన్లు మొదలయ్యాయి. "ఎట్లుండాది నాయనా?" "కొంచెం తగ్గిందక్కా." "కుడిపక్కదో?" "కుడిపక్కది ఇంకా అట్లనే ఉంది." "మొగం తేటగయిందా?" "సాయంత్రానికి అయితదంటున్నడు." ఎండబెట్టిన మొదటి రోజు రాత్రి అన్నం తింటుంటే కూడా రెండు మూడుసార్లు ఫోన్ వచ్చింది. ఈ మాటలే వినీ వినీ రూమ్‌లో అందరూ అన్నం కలపడం ఆపేశారు. ఫోన్ పెట్టేశాక రాజన్న దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "ఎవరే తమ్మీ దవఖానల? ముందుగాలనే చెప్పద్దా! దుప్పట్లు గందుకేనా? ఉండనీ, మల్ల ఇయ్యకు" అన్నాడు. తివాచీ అని చెప్పాను. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో రోజు సాయంత్రానికి చుక్కలు పోయాయి. ఎంత వెతికినా కనబడలేదు. బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు. ఎండ తగిలిన మూలన అంచు పక్కనున్న ఎరుపునూ మధ్య ఎరుపునూ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా లేదు. ఆ మిద్దె మీద, దుప్పట్ల మధ్య, అరవై ఏళ్ల మనిషి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే తీసుకెళ్లి మజ్లిస్‌లో ఎలా ఉన్నదో అలా పరిచేశాం. ఓబుళమ్మ మాకు ఖర్జూరాలు పెట్టింది.

ఇబ్రి నుంచి వచ్చిన మర్నాడు మామా మమ్మల్ని పిలిపించింది. కొంటుందనుకుని బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మజ్లిస్‌లో సాంబ్రాణి పొగ. మామా, ఒక మూల దిండుకు ఆనుకుని ఆవిడ ముసలి తల్లి, కాఫీ కూజా పట్టుకుని ఓబుళమ్మ. మాతో మాట్లాడేటప్పుడు మామా అరబీలో మొదలుపెట్టి హిందీలో ముగించేది. తివాచీ బాగుందంది. ఇంట్లో అందరికీ నచ్చిందంది. ఓబుళమ్మ మా చిన్న గిన్నెల్లో కాఫీ పోసింది. అప్పుడు మామా, "మస్తాన్, నువ్వు నేర్పిన పద్ధతి ఉందిగా. తీసుకునే ముందు చివరిసారి చూస్తా" అంటూ వంగి మూల పట్టుకుని వెనక్కి తిప్పింది.

వెనక పసుపు చుక్క ఉంది. కొత్త నాణెంలా, చక్కగా, పచ్చగా. ఓబుళమ్మ బ్రష్షు పెట్టి రుద్దిన రుద్దుడుకు అది ముడుల్లోంచి దిగి అవతలికి వచ్చింది. ఎండ తగిలింది ముందువైపుకే. రెండు రోజులు రోజుకు పదిసార్లు మిద్దె ఎక్కి చూసిన మస్తాన్ బాబాయ్, ముప్పై ఏళ్లుగా ఊరందరికీ వెనక్కి తిప్పి చూడమని చెప్పిన మస్తాన్ బాబాయ్, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు. నేనూ తిప్పలేదు. మామా రెండో మూల తిప్పింది. మూడోది. నాలుగోది.

"ఇదేంటి?"

బాబాయ్ కాఫీ గిన్నెలోకి తల దించాడు. నాలోని విలేకరి లేచాడు. "నేసిన ఊరి గుర్తు మామా. నాలుగు మూలలా వేస్తరు" అన్నాను.

"పోయినవారం మీ దుకాణంలో నాలుగు మూలలూ నేనే తిప్పి చూశాను. అప్పుడు ఆ ఊరు లేదే?"

ఓబుళమ్మ కూజా కింద పెట్టింది. "నేనే మామా" అంది. తర్వాత మావైపు తిరిగి తెలుగులో, "దాసిపెట్టీ దాసిపెట్టీ పేగులు మాడిపోతాండాయి సామీ. పోతే పోనీ స్లాబు" అని, మళ్లీ తన వంటింటి అరబీలో మొత్తం చెప్పేసింది. కొత్త బట్ట, పెళ్లికూతురు, పసుపు, సబ్బు, ఎరుపు, నిమ్మకాయలు, మిద్దె, ఎండ. పులిదుప్పట్లు కూడా వదల్లేదు.

అంతా అయ్యాక మామా బాబాయ్‌ని అడిగింది. "ఎండలో ఎన్ని రోజులు?"

"రెండు."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకానా? ఈ ఎండలోనా?"

"అవును మామా."

ఆవిడ తివాచీ మూల లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మధ్యభాగాన్ని దాని పక్కకు మడిచి పెట్టి వెలుగులో చూసింది. చాలాసేపు చూసింది. "నీ తల మీద ఒట్టు వేసినప్పుడు నమ్మలేదు" అంది చివరికి. "ఇప్పుడు నమ్ముతున్నా. దీన్ని ఉంచెయ్."

ఇంతలో మూలనున్న ముసలావిడ చెయ్యి చాచి తివాచీ అంచు దగ్గరికి లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కుర్కుమ్" అంది. పసుపుకు వాళ్ల మాట అదే. తర్వాత ఏదో అని బోసినోటితో నవ్వింది, మామా కూడా నవ్వింది. బయటికొచ్చాక బాబాయ్ చెప్పాడు. ఆ ముసలావిడ పెళ్లప్పుడు రోజుల తరబడి ఒంటినిండా పసుపు పూసి కూర్చోబెట్టారట. తివాచీకి నాలుగే చుక్కలా, ఈ పనమ్మాయి మరీ పిసినారిలా ఉందే అందట.

మామా మాత్రం నవ్వు ఆపి ఓబుళమ్మ వైపు తిరిగింది. "ముందే అడిగితే వెనకవైపు పెట్టుకోమనేదాన్ని. మరక పెద్ద తప్పు కాదు. నేను లేనప్పుడు నా ఇంట్లోని తివాచీని మిద్దెలెక్కించడం తప్పు."

"తప్పే మామా. నా కాగితాలు..." అంది ఓబుళమ్మ.

"ఏ కాగితాలు?"

"ఇంకో రెండేండ్లకు..."

"అవా? ఇబ్రి వెళ్లే ముందే సంతకం పెట్టి పంపేశానే. నీకు చెప్పలేదా?"

ఓబుళమ్మ ఉన్నచోటే, ఆ ఇరాన్ తివాచీ మధ్యలో, దభీమని కూర్చుండిపోయింది. "లే! దాని మీద కాదు!" అని మామా అరిచింది.

వ్యానులో తిరిగి వస్తుంటే, దుకాణం సందు మలుపు దగ్గర మస్తాన్ బాబాయ్, "పేపరోడా, ఈ సంగతి ఏలూరులో ఎవరికీ రాయొద్దు" అన్నాడు. నేను మాటిచ్చాను. ఆయన బతికున్నంత కాలం రాయలేదు.

తర్వాత మూడేళ్లకు నేను వచ్చేశాను. మళ్లీ దినపత్రికలోనే, ఈసారి డెస్కులో పని దొరికింది. ఇతరుల వార్తల్ని నాలుగు సెంటీమీటర్లు చేసే పని. పెద్ద హెడ్డింగు పెట్టదగ్గ వార్త వచ్చినప్పుడల్లా, ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ఇప్పుడే ఎందుకు చెప్పారు అని వెనక్కి తిప్పి చూసేవాణ్ని. సగం వార్తలకు వెనక గోనెగుడ్డే ఉండేది. ఆ అలవాటుకు పనిచేసిన చోటల్లా మంచి పేరు వచ్చింది, చుట్టాలిళ్లలో చెడ్డ పేరు వచ్చింది. మస్తాన్ బాబాయ్ కొడుకులు మగ్గం ముట్టుకోలేదు. ఒకాయనకు సెల్‌ఫోన్ల కొట్టుంది, ఒకాయన కారు నడుపుతాడు. ఓబుళమ్మ స్లాబు పడింది. కిందటేడు ఫోన్లో ఫొటో పంపింది. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు, వాటి మధ్య నిలబడి ఆవిడ. మామా రెండో కూతురి పెళ్లికి కూడా తివాచీ కొన్నదట, ఆ ఇంట్లో ఉన్నంతకాలం కొత్త తివాచీ ఏది వచ్చినా వెనకవైపు పసుపు పెట్టే పని ఓబుళమ్మదేనట. అప్పట్లో ఒక తివాచీ కొనడానికి ఒక మనిషి నెలల తరబడి తిరిగేది, వారం పరుచుకుని చూసేది, అమ్మినవాడి ఒట్టు కూడా నమ్మేది కాదు. ఇప్పుడు మా అమ్మాయి ఆఫీసు బస్సులో నిలబడి, రెండు స్టాపుల మధ్య కొనేసింది. తప్పు పట్టడం లేదు. మొదటి జీతంతో నాకోసం కొన్న పిల్లను తప్పు పట్టేంత తివాచీ జ్ఞానం నాకు లేదు.

ఇదంతా చెప్పడం పూర్తయ్యేసరికి వాళ్లిద్దరూ కార్పెట్ మీదే కూర్చుని ఉన్నారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి. మా అమ్మాయి మాత్రం కంగారుగా లేచింది. "అయితే ఇది కూడా పోదా? ఎండలో పెట్టాలా? మన బాల్కనీకి ఎండే రాదు కదా నాన్నా!" అంటూ వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మొదటి మూల మీద చుక్కను భయంభయంగా ఒక్కసారి తుడిచింది.

పోయింది. నిమ్మకాయ లేదు, ఎండ లేదు, పులిదుప్పటి లేదు. ఒక్క తుడుపుకు, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు, పసుపంతా గుడ్డకు వచ్చేసింది. "హమ్మయ్య! చూశావా నాన్నా, ఎంత మంచి క్వాలిటీనో! మరకే పట్టలేదు!" అని మా అమ్మాయి వెలిగిపోయింది. మా ఆవిడ నావైపు చూసింది. నేను ఆవిడవైపు చూశాను.

"చాలా మంచిదమ్మా" అన్నాను, లేచి రెండు చేతులూ మళ్లీ వెనక్కి కట్టుకుని. ఇక తిప్పి చూడాల్సిన పని లేదు.